ఏకాంత సాధన

పాఠ్యభాగ ఉద్దేశం

యుద్ధవిద్య ఒకప్పుడు రాజ్యరక్షణకు, ప్రాణరక్షణకు సాధనం. నేడు అది చాలామందికి ఉద్యోగ బాధ్యతలు, ఇంటి పనులు ముగిసిన తరువాత చేసుకొనే అభ్యాసం. యుద్ధానికి వెళ్లవలసిన అవసరం గాని, పోటీలో గెలవవలసిన అవసరం గాని లేని వయోజనులు ఈ విద్యను ఎందుకు అభ్యసిస్తారు? గురువు ఎదుట లేనప్పుడు ఒంటరిగా ఎలా సాధన చేస్తారు? ఆ సాధన ఎక్కడ ఫలిస్తుంది, ఎక్కడ మోసగిస్తుంది? ఈ విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక విషయాన్ని ఉదాహరణలతో, హేతుబద్ధంగా, క్రమంగా వివరించేది వ్యాసం.

పాఠ్యభాగం

సాము

తెలుగు నుడికారంలో ‘సాము’ అనే మాట నేటికీ సజీవంగా ఉంది. ఎంతో నేర్పు, జాగ్రత్త అవసరమైన పనిని ‘కత్తిమీద సాము’ అంటారు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ నేర్పే చోటును తాలింఖానా అని, గరిడి అని పిలిచేవారు. దసరా ఉత్సవాలలోను, పీర్ల పండుగ ఊరేగింపులలోను కర్ర తిప్పే వారి చుట్టూ జనం గుమిగూడడం తెలుగు పల్లెలకు పరిచితమైన దృశ్యం. జనం చూసేది కొద్ది నిమిషాల ప్రదర్శనను మాత్రమే. దాని వెనుక ఏ పెరట్లోనో, ఏ కళ్లంలోనో, చూసేవారు లేని వేళ నెలల తరబడి చేసిన అభ్యాసం ఉంటుంది.

తుపాకి వచ్చిన తరువాత కత్తికి, కర్రకు యుద్ధభూమిలో స్థానం తగ్గింది. అయినా మనుషులు ఈ విద్యలను విడిచిపెట్టలేదు. కుస్తీ, కర్రసాము, కలరిపయట్టు, కరాటే, జూడో మొదలైనవి నేటికీ అభ్యాసంలో ఉన్నాయి. వీటిని నేర్చుకొనేవారిలో బాలురు, బాలికలు, క్రీడాకారులే కాక గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, వ్యాపారులు కూడా ఉన్నారు. వారికి పతకం రాదు; జీతం పెరగదు. వారానికి రెండు మూడు రోజులు గురువు వద్దకు వెళ్లడమే వారికి గగనం. తక్కిన రోజులలో వారి సాధన ఒంటరి సాధనే. అందుచేత వయోజనుల విషయంలో ‘ఒంటరిగా ఎంతవరకు నేర్చుకోవచ్చు?’ అనే ప్రశ్న అతి ముఖ్యమైనది.

ఇతిహాసం చూపిన రెండు దారులు

ఈ ప్రశ్నను ఆలోచించడానికి మహాభారతం రెండు కథలను అందించింది. నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో ఈ రెండూ ఉన్నాయి.

మొదటిది అర్జునుని కథ. ఒకనాటి రాత్రి అర్జునుడు భోజనం చేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. చీకటిలో కూడా అతని చేయి తడబడలేదు. ముద్ద నేరుగా నోటికే చేరింది. కన్ను చూడకపోయినా చేయి తన పని తాను చేయడానికి అభ్యాసమే కారణమని అతడు గ్రహించాడు. చీకటిలో భోజనం చేయగలిగిన చేయి చీకటిలో బాణం వేయలేదా అని, ఆ రాత్రి నుంచే ఒంటరిగా ధనుర్విద్యాభ్యాసం ప్రారంభించాడు. వింటినారి మ్రోత విని వచ్చిన ద్రోణుడు శిష్యుని శ్రద్ధకు మెచ్చి అతనిని కౌగిలించుకొన్నాడు.

రెండవది ఏకలవ్యుని కథ. నిషాదరాజు కుమారుడైన ఏకలవ్యుని ద్రోణుడు శిష్యునిగా స్వీకరించలేదు. ఏకలవ్యుడు అడవికి పోయి, ద్రోణుని మట్టిబొమ్మను చేసుకొని, దాని ఎదుట అభ్యసించాడు. మొరుగుతున్న కుక్క నోటిలో ఏడు బాణాలను ఒక్కసారిగా నాటగలిగినంత నేర్పు సంపాదించాడు. ఆ నేర్పే అతనికి కీడు తెచ్చింది. అతడు అర్జునుని మించినవాడని తెలిసిన ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు కోరాడు, ఏకలవ్యుడు ఇచ్చివేశాడు. విద్యను నిరాకరించిన గురువే ఆ విద్యకు మూల్యం అడగడంలోని అన్యాయం తరతరాలుగా పాఠకులను కలచివేస్తూనే ఉంది.

సాధన దృష్టితో చూస్తే ఈ రెండు కథల మధ్య ఒక భేదం ఉంది. అర్జునుడు రాత్రి ఒంటరిగా అభ్యసించినా, తెల్లవారితే తప్పును దిద్దే గురువు ఉన్నాడు. ఏకలవ్యునికి ఆ అవకాశం లేదు. మట్టిబొమ్మ శ్రద్ధను నిలుపగలదు గాని మోచేయి క్రిందికి జారిందని చెప్పలేదు. మరి ఏకలవ్యుని తప్పులను దిద్దినది ఏది? గురి. బాణం తగిలిందా, తప్పిందా అన్నది లక్ష్యమే తెలుపుతుంది. విలువిద్యలో లక్ష్యం అబద్ధం చెప్పదు. అందుచేత శ్రద్ధగల సాధకునికి అది కొంతవరకు గురువు పని చేస్తుంది. కుస్తీ, జూడో, కరాటే వంటి విద్యలలో లక్ష్యం చెట్టుకొమ్మ కాదు. కదిలే మనిషి, ఎదురు తిరిగే మనిషి. ఒంటరి సాధకుని చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

లాంతరు వెలుగులో ఒక ఉపాధ్యాయుడు

ఆధునిక కాలంలో ఈ చిక్కును జీవితమంతా ఎదుర్కొన్నవారిలో ఫునకోషి గిచిన్ ఒకరు. ఆయన 1868లో ఓకినావా ద్వీపంలోని షురి పట్టణంలో జన్మించాడు. బాల్యంలో దుర్బలుడు. పెద్దయ్యాక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడై, ముప్పై ఏళ్లకు పైగా ఆ వృత్తిలోనే కొనసాగాడు. పగలు పాఠశాల, రాత్రి సాధన. ఆనాడు ఓకినావాలో కరాటేను బహిరంగంగా నేర్చేవారు కారు. అందుచేత ఆయన లాంతరు పట్టుకొని చీకటిలో గురువు అజాతో అంకో ఇంటికి నడిచి వెళ్లేవాడు. ఇతోసు అంకో అనే మరొక గురువు వద్ద కూడా ఆయన నేర్చుకొన్నాడు.

ఆ శిక్షణలో ప్రధానమైనది ‘కటా’. కటా అంటే ఒక నిర్ణీత క్రమంలో కూర్చిన అడుగులు, అడ్డుకోళ్లు, దెబ్బలు. సాధకుడు ఎదుట ప్రత్యర్థి ఉన్నట్లు భావించి దానిని ఒంటరిగా చేస్తాడు. గురువు తృప్తి చెందేవరకు అదే కటాను వారాలు, నెలలు తిరిగి తిరిగి చేయవలసి వచ్చేది. ‘తెక్కి’ అనే వరుసలోని మూడు కటాలు నేర్చుకోవడానికే తనకు పదేళ్లు పట్టిందని ఆయన చెప్పుకొన్నాడు. ఒకే కటాను మళ్లీ మళ్లీ చేయడంలోని విసుగును, ఒక్కొక్కసారి కలిగే అవమానభావాన్ని కూడా దాచలేదు. గొప్ప సాధకులకు విసుగు కలగదని భావించడం పొరపాటు. విసుగు కలిగిన మరునాడు కూడా వారు సాధనకు వచ్చారు, భేదం అంతమాత్రమే.

1922లో టోక్యో నగరంలో జరిగిన వ్యాయామ ప్రదర్శనలో ఫునకోషి కరాటేను ప్రదర్శించాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. ఆ తరువాత టోక్యోలో స్థిరపడి, 1957లో మరణించేవరకు ఆ విద్యావ్యాప్తికే అంకితమయ్యాడు. కరాటే మర్యాదతో మొదలై మర్యాదతో ముగియాలని, మొదటి దెబ్బ సాధకునిది కారాదని ఆయన బోధించాడు.

ఎదుటి మనిషి ఎందుకు?

ఫునకోషిని తన శిక్షణాలయానికి ఆహ్వానించి కరాటేను ప్రదర్శింపజేసినవాడు జూడో స్థాపకుడైన కానో జిగోరో. కానో కూడా విద్యావేత్తయే. 1860లో జన్మించిన ఆయన చిన్నతనంలో బక్కపలుచగా ఉండి, తోటివారి దౌర్జన్యాన్ని తట్టుకోలేక జుజుత్సు నేర్చుకొన్నాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో, పన్నెండు చాపలు పరచిన చిన్న స్థలంలో ‘కోదోకన్’ శిక్షణాలయాన్ని స్థాపించాడు.

కానో చేసిన మార్పు సూక్ష్మమైనది. ప్రాచీన జుజుత్సులో కీళ్లు విరిచేవి, ప్రాణం తీసేవి అయిన పట్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి పట్లను తోటి విద్యార్థిపై పూర్తి బలంతో ప్రయోగించడం అసాధ్యం. అందుచేత ఆయన సాధనను రెండుగా విభజించాడు. ప్రమాదకరమైన పట్లను ముందే నిర్ణయించిన క్రమంలో చేసే కటాలో భద్రపరిచాడు. మిగిలిన పట్లతో ‘రందోరి’ అనే స్వేచ్ఛాభ్యాసాన్ని రూపొందించాడు. రందోరిలో ఇద్దరూ నిజంగానే ఒకరినొకరు పడవేయడానికి ప్రయత్నిస్తారు. ఎదుటివాడు ఎటు కదులుతాడో, ఎప్పుడు లాగుతాడో ముందుగా తెలియదు. తన పట్టు పనిచేస్తుందా, చేయదా అన్న సందేహానికి అక్కడ క్షణంలో సమాధానం లభిస్తుంది. ఏకలవ్యునికి లక్ష్యం చేసిన ఉపకారాన్ని జూడో సాధకునికి ఎదుటి మనిషి చేస్తాడు.

ఒంటరి సాధన ఇచ్చేవి, ఇవ్వలేనివి

పై ఉదాహరణలను బట్టి ఒంటరి సాధన బలాబలాలను అంచనా వేయవచ్చు. నిలుకడ, కాళ్ల బలం, ఊపిరిపై అదుపు, కదలికలోని కచ్చితత్వం ఒంటరిగా సాధించదగినవి. నెమ్మదిగా కటా చేసినప్పుడు బరువు ఏ పాదంపై ఉన్నదో, భుజం అనవసరంగా బిగుసుకొన్నదో లేదో తెలుస్తుంది. ఎదుట మనిషి ఉన్నప్పుడు వీటిని గమనించే తీరిక ఉండదు. అందుకే బృందంలో నేర్చుకొనేవారికి కూడా ఏకాంత సాధన అవసరం. చైనాలో 1956లో సామాన్య ప్రజలకోసం 24 కదలికలతో రూపొందించిన తాయ్‌చీ క్రమాన్ని కోట్లాది జనం అభ్యసించగలగడానికి కారణం, దానికి ప్రత్యర్థి అవసరం లేకపోవడమే. వృద్ధులలో తూలిపడే ప్రమాదాన్ని తాయ్‌చీ తగ్గిస్తుందని వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ విద్యను యునెస్కో 2020లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒంటరిగా అలవడనివి మూడు: దూరం, అదను, భయంపై అదుపు. ఎదుటివాని చేయి ఎంత దూరం చాస్తుందో గాలి చెప్పదు. దెబ్బ వేయడానికి తగిన అదను ఎదుటివాని కదలికలో పుడుతుంది. గోడ ముందు నిలిచి దానిని పట్టుకోవడం సాధ్యం కాదు. మీదికి వచ్చే మనిషిని చూసి గుండె దడదడలాడుతున్నప్పుడు నేర్చినది గుర్తుండడం మరొక విద్య. ఇంట్లో వేయిసార్లు కటా చేసినవాడు వీధిలో ఎవరినైనా ఎదిరించగలనని భావిస్తే ఆ నమ్మకమే అతనికి అపాయం. తప్పించుకొని వెళ్లగలిగిన చోట తప్పించుకోవడమే వివేకమని మంచి గురువులు బోధిస్తారు.

మరొక అపాయం కూడా ఉంది. అభ్యాసం ఒప్పును స్థిరపరిచినట్లే తప్పును కూడా స్థిరపరుస్తుంది. మోకాళ్లు వంచి నిలిచినప్పుడు అవి పాదాల దిక్కునే చూడాలి. లోపలికి వాలితే కీలుపై భారం పడుతుంది. గాలిలోకి పూర్తి బలంతో తన్నితే కాలును ఆపే వస్తువేదీ ఉండదు కనుక ఆ విసురు మోకాలికే తగులుతుంది. వంకరగా పట్టిన పిడికిలి గాలిలో దోషరహితంగానే కనిపిస్తుంది. ఇసుక సంచిని తాకినప్పుడే మణికట్టు మడతపడి తప్పు బయటపడుతుంది. ఒంటరి సాధకుడు మోసపోయేది ఎక్కువగా తన చేతిలోనే. చూసేవారు లేరు కనుక వదిలివేసిన అడుగు, లెక్కలో కలిపేసిన సగం బస్కీ, రేపటికి వాయిదా వేసిన కష్టమైన కదలిక అతనికి మాత్రమే తెలుస్తాయి. ఈ చిన్న అబద్ధాలను తనకు తాను చెప్పుకోకుండా ఉండడమే ఏకాంత సాధనలోని అసలు కష్టం.

వయోజనుల సాధనాక్రమం

వయస్సు వచ్చిన తరువాత నేర్చుకోవడం మొదలుపెట్టినవారు కొన్ని నియమాలను పాటించాలి. కండరాలు త్వరగా బలపడతాయి; కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధాలు బలపడడానికి ఎక్కువ కాలం పడుతుంది. కండలో బలం కనిపించగానే తొందరపడితే గాయం తప్పదు. గుండె జబ్బు, కీళ్లనొప్పులు వంటివి ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొనే సాధన ప్రారంభించాలి. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామం చేయాలని, రెండు రోజులైనా కండరాలను బలపరచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు సాధన చేస్తే ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి.

ఆ అరగంటలో మొదట శరీరాన్ని వేడెక్కించే తేలిక వ్యాయామాలు చేయాలి. తరువాత అడుగులు, ఆ పైన నేర్చిన క్రమాన్ని ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో, మళ్లీ నెమ్మదిగా చేయాలి. ఒక రోజుకు ఒక తప్పును మాత్రమే దిద్దుకోవాలి. అద్దం కొంత సహాయపడుతుంది. సెల్‌ఫోన్‌తో చిత్రీకరించి చూసుకోవడం ఇంకా మేలు. అయినా ఇవి గురువుకు ప్రత్యామ్నాయం కావు. చిత్రం తప్పును చూపుతుంది గాని, దాని కారణం చెప్పదు. అందుచేత వారానికి ఒకసారైనా, అది కుదరనప్పుడు నెలకొకసారైనా గురువు ఎదుట, తోటి సాధకుల నడుమ తన విద్యను పరీక్షించుకోవాలి.

వయస్సు ఈ విద్యకు శత్రువు కాదు. కేరళలోని వడకరకు చెందిన మీనాక్షి అమ్మ ఏడేళ్ల వయస్సులో కలరిపయట్టు నేర్వడం ప్రారంభించింది. 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్ననాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. అప్పటికీ కత్తి పట్టి శిష్యులకు నేర్పుతూనే ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో మహిళల కటా పోటీలో స్వర్ణపతకం గెలిచిన స్పెయిన్ దేశీయురాలు సాండ్రా సాంచెజ్ వయస్సు 39. వీరు జీవితమంతా ఆ విద్యకే అంకితమైనవారు. సామాన్య సాధకునికి వారి స్థాయి అందకపోవచ్చు. కాని నిన్నటికంటె నేడు ఒక అడుగు నిలుకడగా వేయడం అందరికీ అందే ఫలమే.

ఉపసంహారం

విద్యార్థి దశలో ఆటస్థలం, తోటివారు, నిర్ణీత సమయం సులభంగా లభిస్తాయి. ఉద్యోగం, సంసారం మొదలైన తరువాత అవి ఒక్కొక్కటే దూరమవుతాయి. అప్పుడు కూడా మేడమీదనో, పెరటిలోనో నాలుగు అడుగుల చోటు, అరగంట కాలం మిగులుతాయి. ఆ కొద్దిపాటి చోటులో అర్జునుని వలె అలవాటును శక్తిగా మార్చుకోవచ్చు. ఏకలవ్యుని వలె శ్రద్ధను నిలుపుకోవచ్చు. అయితే అక్కడ నేర్చినది నిజమో కాదో తెలుసుకోవడానికి అప్పుడప్పుడు ఆ చోటు విడిచి మరొక మనిషి ఎదుట నిలబడాలి. ఓడిపోవడానికి సిగ్గుపడని వానికే ఏకాంత సాధన మేలు చేస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

గరిడి = సాము నేర్చుకొనే చోటు
కళ్లం = పంట నూర్చే చోటు
గగనం = (ఇక్కడ) దొరకనిది, కష్టమైనది
వింటినారి = వింటికి కట్టిన త్రాడు
మూల్యం = వెల
దుర్బలుడు = బలం లేనివాడు
అదను = తగిన సమయం
బస్కీ = గుంజీ వలె కూర్చొని లేచే వ్యాయామం
స్నాయుబంధం = కండరాన్ని ఎముకతో కలిపే గట్టి నారవంటి భాగం
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా నిలిచేది

సంధులు

ధనుర్విద్యాభ్యాసం = ధనుర్విద్యా + అభ్యాసం – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యర్థి = ప్రతి + అర్థి – యణాదేశ సంధి
పదేళ్లు = పది + ఏళ్లు – ఇత్వ సంధి
వస్తువేదీ = వస్తువు + ఏదీ – ఉత్వ సంధి

సమాసాలు

మట్టిబొమ్మ – మట్టితో చేసిన బొమ్మ – తృతీయా తత్పురుష సమాసం
ఏకాంత సాధన – ఏకాంతమునందు సాధన – సప్తమీ తత్పురుష సమాసం
బలాబలాలు – బలమును, అబలమును – ద్వంద్వ సమాసం
అసాధ్యం – సాధ్యం కానిది – నఞ్ తత్పురుష సమాసం

ప్రకృతి – వికృతులు

విద్య – విద్దె. దీపము – దివ్వె. శ్రద్ధ – సడ్డ. రాత్రి – రాతిరి

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఒంటరి సాధన వల్ల కలిగే ప్రయోజనాలను, దాని పరిమితులను పాఠం ఆధారంగా వివరించండి.
2. అర్జునుని సాధనకు, ఏకలవ్యుని సాధనకు గల భేదాన్ని విశ్లేషించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. ఫునకోషి గిచిన్ సాధన ఎలా సాగింది?
2. కానో జిగోరో సాధనను రెండుగా ఎందుకు విభజించాడు?
3. వయోజనులు సాధనలో పాటించవలసిన నియమాలేవి?
4. ద్రోణుడు ఏకలవ్యుని పట్ల ప్రవర్తించిన తీరుపై మీ అభిప్రాయాన్ని సకారణంగా వ్రాయండి.

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. చీకటిలో బాణం వేయవచ్చునని అర్జునునికి ఎలా తోచింది?
2. ఏకలవ్యుని తప్పులను దిద్దినది ఏది?
3. కటా అంటే ఏమిటి?
4. కోదోకన్ ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
5. ఒంటరి సాధనలో అలవడని మూడు విషయాలు ఏవి?